"తమ్..." అని ఆగిన మాట: ఒక కమ్యూనిటీ రేడియో కేస్ స్టడీ

ఈ కేసు మొదట పట్టింది నేను కాదు, ఒక టైలర్. పాలమూరు దిక్కున ఒక చిన్న పట్టణంలో ఆయనకు దుకాణం ఉంది. కుట్టు మిషన్ నడిచినంతసేపు పక్కన రేడియో నడవాల్సిందే. ఆ ఊరి కమ్యూనిటీ రేడియోలో ఒక సినిమా హీరోతో ఇంటర్వ్యూ వచ్చిన మరుసటి రోజు ఆయన స్టేషన్‌కు ఫోన్ చేశాడు. "ఆడపిల్ల ప్రశ్న అడుగుతుంటే ఆయన 'తమ్' అని ఆగిండేంది? అయినా హీరో మన ఊరికొస్తే బస్టాండ్ కాడ లొల్లి లేకుంటదా? మీ ముచ్చట రఫూ చేసిన ప్యాంటు లెక్కుంది" అన్నాడట.

ఫోన్ ఎత్తిన పిల్లవాడు నవ్వి పెట్టేశాడు. కానీ ఫిర్యాదుల రిజిస్టర్‌లో ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాశాడు. నెలాఖరున రిజిస్టర్ కమిటీ ముందుకు వెళ్లింది. కమిటీలో ఉన్న ఒక రిటైర్డ్ టీచర్ ఆ లైన్ దగ్గర ఆగి, రెండోసారి చదివి, మేనేజర్ ముఖం చూశారు. ఆ తర్వాతే నాకు కబురొచ్చింది.

నేను నల్లగొండలో చిన్న సౌండ్ స్టూడియో నడుపుతాను. ఎన్నికలప్పుడు ఆటోల మీద తిరిగే ప్రచార రికార్డింగులు, భజన బృందాల పాటలు, పెళ్లి వీడియోల ఆడియో, ఇవీ నా తిండి గింజలు. మధ్యమధ్యలో చిన్న రేడియోలకు ఆర్కైవ్ సర్దడం, ఆర్‌జేలకు మైక్ ముందు కూర్చోవడం నేర్పడం చేస్తుంటాను. స్టేషన్ పేరు, హీరోల పేర్లు రాయనని ఒప్పుకున్నాకే ఈ కేసు రాయడానికి కమిటీ సరేనంది. పేర్లు లేకపోయినా ఇందులో పోయేదేమీ లేదు.

మొదట చెవులతో

ప్రసారమైన ప్రతి కార్యక్రమం రికార్డింగ్‌ను మూడు నెలలు దాచాలని కమ్యూనిటీ రేడియో గైడ్‌లైన్స్ చెబుతాయి. ఈ స్టేషన్ ఆ పని శ్రద్ధగా చేసింది. తమ తప్పుకు సాక్ష్యం కూడా అంతే శ్రద్ధగా దాచుకుంది, పాపం. మూడు నెలల్లో వచ్చిన ఇంటర్వ్యూలు పదకొండు. వాటిని ఫోన్‌లో వేసుకుని, మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సులో పోతూ ఇయర్‌ఫోన్లలో విన్నాను. మొదటిసారి వినేటప్పుడు కంప్యూటర్ ముందు కూర్చోకూడదని నా నియమం. తెర మీద గీతలు కనబడితే చెవి బద్ధకిస్తుంది.

టైలర్ చెప్పిన "తమ్" దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆర్‌జే డిగ్రీ చదివే అమ్మాయి. హీరో ఆమెకు జవాబు చెబుతూ "అది కాదు తమ్" అన్నాడు, వెంటనే వేరే వాక్యం మొదలైంది. అసలు ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నది ఎవరో కుర్రాడు. ఆ "తమ్ముడూ"ని ఎడిటర్ కోశాడు కానీ, కత్తెర ఒక అక్షరం ఆలస్యంగా పడింది.

నన్ను ఇంకా ఎక్కువ ఇబ్బంది పెట్టింది వేరే సంగతి. ఇరవై నిమిషాల్లో అతిథి ఆర్‌జే పేరు ఒక్కసారి పలకలేదు. ఊరి పేరు ఎత్తలేదు. ఆమె "షూటింగ్‌ల దెబ్బ తాకిందట గదా సర్, ఎట్ల జరిగింది?" అని అడిగితే, ఆయన "మీరన్నట్టు ఆ మూడో రోజే..." అని మొదలుపెట్టాడు. ఆమె మూడో రోజు మాటే ఎత్తలేదు. ఆ మాట అన్నది ఇంకెవరో, ఇంకెక్కడో.

మనుషులు ఎదురెదురుగా కూర్చుంటే మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒకరు చెబుతుంటే ఇంకొకరు "ఆ", "ఊ", "అవునా" అంటూనే ఉంటారు. మన దగ్గరైతే మరీ ఎక్కువ, ఎదుటివాళ్ల వాక్యం మనమే పూర్తి చేసేస్తాం. ఈ ఇంటర్వ్యూల్లో అదేమీ లేదు. ఒకరు పూర్తిగా ఆపాకే ఇంకొకరు మొదలుపెట్టారు, రేషన్ షాపు ముందు లైన్‌లో నిలబడ్డట్టు. ఆర్‌జే నవ్విన చోట హీరో ఆగలేదు. హీరో జోక్ వేసిన చోట ఆమె నవ్వు ఒక క్షణం ఆలస్యంగా వచ్చింది.

జడ్చర్ల దాటేసరికి పదకొండింటిలో తొమ్మిది మీద నా అనుమానం స్థిరపడింది. అందులో ఒకటి తప్పు. ఆ సంగతి తర్వాత.

తర్వాత కంప్యూటర్‌లో

ప్రసార లాగ్ ఫైళ్లు ఈ పనికి చాలవు. ఎఫ్ఎమ్‌లో ధ్వని 15 కిలోహెర్ట్జ్ దాటి వెళ్లదు. అందుకే గాలిలోంచి పట్టిన రికార్డింగ్‌లో అందరి గొంతులూ ఒకే ఎత్తున తెగి ఉంటాయి. ప్రసారానికి ముందు ఎడిట్ అయిన అసలు ఫైళ్లు కావాలని అడిగాను. మేనేజర్ కాసేపు నీళ్లు నమిలి హార్డ్ డిస్క్ ఇచ్చాడు.

ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ తెరిచాను, అంటే ధ్వని ఎంత పైదాకా, ఎంత కిందిదాకా ఉందో చూపే బొమ్మ. ఆర్‌జే గొంతు పైదాకా సాగింది. హీరో గొంతు 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోయింది. అలాంటి గోడ బాగా కుదించిన (తక్కువ బిట్‌రేట్) ఎంపీ3లోనో, ఎక్కడినుంచో డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌లోనో కనబడుతుంది. ఎదురుగా పెట్టిన మైక్‌లో నేరుగా రికార్డు చేస్తే రాదు.

కింది వైపు చూస్తే ఆర్‌జే ప్రశ్నల కింద 50 హెర్ట్జ్ హమ్ (కరెంటు వల్ల వచ్చే సన్నని మోత), దానితో పాటు 100, 150 దగ్గర సన్నని గీతలు. స్టూడియోలో ఎర్తింగ్ సరిగా లేదన్నమాట. ఆ హమ్, దాంతో పాటు ఫ్యాన్ చప్పుడు, హీరో నోరు తెరవగానే మాయమవుతాయి. ఆయన ఆపగానే మళ్లీ వస్తాయి. మేనేజర్‌కు హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. "సార్ మాట్లాడంగనే మన ఫ్యాన్ బంద్ అయితుందన్నా" అన్నాడు, తనే నవ్వి, నవ్వు ఆపుకుని.

ఒకే గదిలో రెండు మైకులుంటే ఒకరి గొంతు రెండో మైక్‌లోకి సన్నగా చేరుతుంది. ఎంత మంచి మైక్ పెట్టినా దాన్ని పూర్తిగా ఆపలేం. ఈ ఫైళ్లలో ఆ చేరిక ఎక్కడా లేదు. నా లెక్కలో ఇదే అన్నిటికంటే గట్టి గుర్తు. అయినా ఇది కూడా ఒంటరిగా సరిపోదు. అతిథి ఫోన్‌లో మాట్లాడినా గది వేరే, మైక్ వేరే, హమ్ వేరే. ఇక్కడ చిక్కు ఏంటంటే, ప్రోమోలో "మన స్టూడియోలో" అని చెప్పారు.

అసలు వీడియో వెతకడం అన్నిటికంటే విసుగు పని. ఒక సినిమా విడుదలైతే ఆ హీరో ఇరవై ఛానెళ్లలో కూర్చుంటాడు, అన్నిచోట్లా అదే చొక్కా, అవే ముచ్చట్లు. దొరికాక రెండు ఆడియోలను పక్కపక్కన పెట్టి, ఒకదాని తరంగాన్ని తలకిందులు చేసి కలిపాను. రెండూ ఒకటే అయితే దాదాపు నిశ్శబ్దం రావాలి. రాలేదు. ఎవరో తెలివిగా జవాబుల వేగం కొద్దిగా పెంచారు. చివరికి ఒక దగ్గు పట్టించింది. రెండిట్లోనూ హీరో అదే పదం మధ్యలో దగ్గి, మంచినీళ్ల గ్లాసు టేబుల్ మీద పెడతాడు. గ్లాసు చప్పుడు దగ్గర రెండు గీతలనూ కలిపి వేగం సరిచేస్తే మిగతాదంతా ఒక దాని మీద ఒకటి కూర్చుంది.

నా తప్పు

పదకొండింటిలో ఒకటి సినిమావాళ్లది కాదు. ఒక చిందు యక్షగాన కళాకారుడితో మాటామంతీ. అందులోనూ ఇద్దరి గొంతుల తీరు వేరుగా ఉంది, హమ్ వస్తూ పోతూ ఉంది. డ్రాఫ్ట్ రిపోర్ట్‌లో దాన్ని కూడా "అతికించినది" అని రాసేశాను.

రిపోర్ట్ చూసిన ఆర్‌జే అమ్మాయి రాత్రి పదింటికి ఫోన్ చేసింది. "సర్, మిగతావాటికి నేనేం మాట్లాడను. గిది మాత్రం నాది" అంది. ఆ పెద్దాయన ఇంటికి ఆమే వెళ్లి సెల్‌ఫోన్‌లో రికార్డు చేసింది. గాలి ఎక్కువై తన ప్రశ్నలు వినబడకపోతే స్టూడియోకొచ్చి మళ్లీ చదివి చేర్చింది. వారి ఇంట్లో మాట్లాడామని ప్రసారంలో చెప్పింది కూడా. ఒరిజినల్ ఫైల్ పంపింది, విన్నాను. మొదటి నిమిషంలోనే పెద్దాయన "నువ్వు ఫలానాయన బిడ్డవు గదా, మీ నాయిన నాకెరుకే" అంటాడు. ఎడిట్‌లో ఆ ముక్క తీసేశారు, "పర్సనల్‌గా ఉంది" అని! అది ఉండి ఉంటే నేను తప్పు రాసేవాణ్ని కాదు.

ఆ రాత్రే రిపోర్ట్ మార్చి, క్షమించమని మెసేజ్ పెట్టాను. అప్పటి నుంచి అసలు రికార్డింగ్ చూడకుండా ఏ ఫైల్ మీదా "అతికించినది" అని రాయడం లేదు. తేలినవి ఎనిమిది.

ఎక్కడ మొదలైంది

ఎనిమిదీ ఒక రకం కాదు. ఇది తేలడానికి స్టేషన్ మెయిల్‌బాక్స్ తెరవాల్సి వచ్చింది.

మొదటి మూడు సినిమా పబ్లిసిటీ వాళ్లు పంపినవి. హీరో జవాబులు విడివిడి ఆడియో ముక్కలుగా, వాటితో పాటు ప్రశ్నల కాగితం. మీ ఆర్‌జే గొంతుతో ప్రశ్నలు చేర్చుకుని వాడుకోండి అని మెయిల్‌లోనే ఉంది. ఇదేమీ కొత్త పద్ధతి కాదు. అమెరికాలో 1964లో క్యాపిటల్ రికార్డ్స్ కంపెనీ బీటిల్స్ జవాబులు మాత్రమే ఉన్న డిస్క్‌ను రేడియో స్టేషన్లకు పంపింది. జవాబుకూ జవాబుకూ మధ్య ఖాళీ వదిలి, ప్రశ్నలు కవర్ మీద అచ్చువేశారు. ఊరూరి డీజే ఆ ఖాళీలో ప్రశ్న చదివితే, బీటిల్స్ తమ ఊరి స్టూడియోకే వచ్చారని శ్రోత అనుకునేవాడు. దాన్ని ఓపెన్ ఎండ్ ఇంటర్వ్యూ అనేవాళ్లు. డిస్క్ పోయి మెయిల్ వచ్చింది, అంతే.

కాబట్టి ఆ మూడింటికి వాడుకునే అనుమతి ఉంది. హీరో మన స్టూడియోకి వచ్చాడని చెప్పమని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ "మన స్టూడియోలో" అన్న రెండు మాటలు ఎవరు చేర్చారని అడిగితే గదిలో ఎవరూ తల ఎత్తలేదు. ప్రోమో బాగుండాలని ఎవరో అన్నారు, ఎవరో చదివారు.

ఆ ప్రోమోకు ఊళ్లో పేరొచ్చింది. బట్టల షాపు, బంగారం షాపు ప్రకటనలు ఆ టైమ్‌కే కావాలన్నాయి. ప్రతి వారం హీరో కావాలి, ప్రతి వారం మెయిల్ రాదు. అప్పుడు మొదలైంది రెండో రకం. మిగిలిన ఐదు ఇంటర్వ్యూలు యూట్యూబ్ నుంచి దింపి, అడిగినవాళ్ల గొంతు కోసేసి, మన అమ్మాయి గొంతు పెట్టినవి. వేగం పెంచిందీ వీటిలోనే. మొదటి రకాన్ని అలవాటు అనుకుని చేశామని చెప్పొచ్చు. వేగం మార్చినవాడికి మాత్రం తను చేస్తున్నదేమిటో తెలుసు.

మేనేజర్ మీద నాకు కోపం కంటే జాలి ఎక్కువ కలిగింది, దాచను. వంద వాట్ల స్టేషన్. జీతం తీసుకునేది ముగ్గురు. కరెంటు బిల్లుకు కూడా ప్రకటనల వైపే చూడాలి. "అన్నా, కళాకారుల ముచ్చట పెడితే ప్రకటన ఇయ్యరు, హీరో అంటే ఇస్తరు" అన్నాడు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ బంగారం షాపాయన డబ్బు కట్టింది స్టూడియోకి హీరో వస్తున్నాడని నమ్మి. శ్రోతకు కాలక్షేపమైనా దక్కింది, ఆయనకు అదీ లేదు.

ఆర్‌జే అమ్మాయి చెప్పిన ఒక సంగతి నేను అంత తొందరగా మరవలేను. మొదటి ఇంటర్వ్యూ వచ్చిన రోజు హాస్టల్‌లో అందరూ ఆమెను సెల్ఫీ చూపించమన్నారు. "ఫోన్ బయట పెట్టించిండ్రు" అని చెప్పిందట. రెండో వారం అదే చెప్పింది. మూడో వారం అడిగినవాళ్లే "ఈసారి గూడ బయటనేనా?" అని నవ్వారట. "గంతమంది హీరోలను అడిగిన గని సర్, ఒక్క ప్రశ్న నాది కాదు" అంది. ఆమె దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. దాని నిండా ఆమె రాసుకున్న ప్రశ్నలే.

చట్టం దగ్గర

నేను వకీలును కాను, కమిటీకి చెప్పినంతే చెబుతాను. యూట్యూబ్‌లో పెట్టిన ఇంటర్వ్యూ అందరిదీ కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం దాన్ని తీసినవాళ్ల హక్కులు వాళ్లకే ఉంటాయి. వార్త కోసమో సమీక్ష కోసమో చిన్న ముక్క వాడడం వేరు. మొత్తం ఎత్తుకొచ్చి, అడిగినవాళ్లను చెరిపేసి, మనదని వేయడం వేరు.

ఇక కమ్యూనిటీ రేడియో గైడ్‌లైన్స్. 2002లో విద్యాసంస్థలకు మాత్రమే ఉన్న ఈ అవకాశాన్ని 2006లో స్వచ్ఛంద సంస్థలకూ ఇచ్చారు. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలన్న షరతు పెట్టారు. ఈ స్టేషన్ తన లెక్కల్లో ఆ ఎనిమిదింటినీ "స్థానికంగా తయారైనవి" కింద రాసుకుంది. ఫిర్యాదు పైకి వెళ్లి ఉంటే ఇబ్బంది పెట్టేది ఈ లెక్కే.

ఇవన్నీ చిన్న స్టేషన్ల కక్కుర్తి అనుకోవద్దని కమిటీకి ఒక మాట చెప్పాను. 2008 జూలైలో బ్రిటన్‌లో ప్రసారాలను నియంత్రించే సంస్థ ఆఫ్‌కామ్ బీబీసీకి మొత్తం 4 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ప్రేక్షకుల, శ్రోతల పోటీల్లో కల్పితాలు చేసినందుకు. ముందే రికార్డు చేసిన షోను లైవ్ అని నమ్మించిన రేడియో కార్యక్రమం కూడా అందులో ఉంది. రిటైర్డ్ టీచర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ "వాళ్లకు నాలుగు లక్షల పౌండ్లున్నయి. మనకున్నది పేరొక్కటే" అన్నారు.

సరిదిద్దిన తీరు

ముందు ఫైళ్లను మూడు ఫోల్డర్లు చేశాం: మనవి, పంపినవి, ఎత్తుకొచ్చినవి. మూడో ఫోల్డర్‌ను పునఃప్రసారం షెడ్యూల్ నుంచి వెంటనే తీసేశాం. "డిలీట్ కొట్టేద్దామా?" అని ఒకరు అడిగారు. వద్దన్నాను, మూడు నెలల నిబంధన తప్పుకూ వర్తిస్తుంది. అసలు ఛానెళ్లకు ఉత్తరాలు వెళ్లాయి. ఒకరు ఇకముందు వాడకపోతే చాలన్నారు, మిగతావాళ్లు పలకలేదు. బంగారం షాపాయన డబ్బు వెనక్కి అడగలేదు కానీ, ఆ సీజన్‌కు ప్రకటన మానేశాడు.

గొడవంతా ప్రసారంలో చదివే మాట దగ్గరే వచ్చింది. మేనేజర్ రాసుకొచ్చిన మొదటి కాగితం "కొన్ని సాంకేతిక కారణాల వల్ల" అని మొదలైంది. అందులో ఒక్క సాంకేతిక కారణం చూపించమన్నాను. రెండో కాగితంలో "శ్రోతల మనోభావాలు దెబ్బతిని ఉంటే" అని ఉంది. దాన్నీ కొట్టేశాం. చివరికి మిగిలింది నాలుగు వాక్యాలు: "ఈ మూడు నెలల్లో మీరు విన్న ఎనిమిది మంది సినిమావాళ్లు మా స్టూడియోకి రాలేదు. మూడు ఇంటర్వ్యూలు సినిమా ప్రచారం వాళ్లు పంపినవి, ఐదు వేరే ఛానెళ్లవి, అడక్కుండా తీసుకున్నాం. మన ఊళ్లో జరిగినట్టు మీకు చెప్పాం, అది అబద్ధం. తప్పు మాది."

ఎవరు చదవాలి? అందరి చూపూ ఆర్‌జే వైపు తిరిగింది, గొంతు ఆమెదే కదా అని. అక్కడ మాత్రం నేను గట్టిగా అడ్డుపడ్డాను. మేనేజర్ చదివాడు, మూడు రోజులు, ఆ ఇంటర్వ్యూలు వచ్చిన టైమ్‌కే. గొంతు వణికింది, మళ్లీ రికార్డు చేద్దామన్నాడు, చేయలేదు.

పబ్లిసిటీ వాళ్లు పంపే ముక్కలను పూర్తిగా మానమని నేను చెప్పలేదు. ముందు ఒక మాట చేర్చమన్నాను: "ఈ జవాబులు సినిమా ప్రచారం వాళ్లు పంపినవి, ప్రశ్నలూ వాళ్లవే, చదివేది నేను." మేనేజర్‌కు ఇప్పటికీ ఇది నచ్చలేదు. "ఇట్ల చెప్తే ఎవరింటరన్నా?" అంటాడు. హైదరాబాద్‌లోని పబ్లిసిటీ ఆయనకూ నచ్చలేదు. అలా చెప్పే పనైతే ప్రమోషన్ ఏముంటుందన్నాడు, మెయిల్స్ తగ్గాయి. ఆదాయంలో పడ్డ గండి నేను వెళ్లొచ్చేనాటికి పూడలేదు.

ఖాళీ అయిన గంటకు ఏం పెట్టాలన్న దాని మీద చాలాసేపు మాట్లాడాం. పాలమూరులో అతిథులకు కొరతేమిటో నాకర్థం కాదు. పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ తెచ్చిన దర్శనం మొగులయ్యది ఈ నేలే, బుర్రవీణకు 2024లో పద్మశ్రీ తెచ్చిన దాసరి కొండప్పదీ ఈ నేలే. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి నడుస్తున్న సంఘం రేడియోను దళిత మహిళలు ఏ హీరో లేకుండానే నడుపుతున్నారు. ఇదంతా నేను చెబుతుంటే ఆర్‌జే అమ్మాయి నోట్‌బుక్ తెరిచి ఒక పేజీ ముందుకు జరిపింది. మొదటి పేరు టైలర్‌ది.

ఆయన స్టూడియోకి రానన్నాడు, పెండ్లిళ్ల గిరాకీ ఉందట. "మాట్లాడుడు గావాలంటే మీరే రండ్రి, నా చేతులు మాత్రం ఖాళీ ఉండయి" అన్నాడు. ఆమె రికార్డర్ పట్టుకుని దుకాణానికే వెళ్లింది. ఆ ఫైల్ నాకు పంపారు, ఎట్లుందో చూడమని. నిండా మిషన్ చప్పుడు. ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, మధ్యలో ఎవరో వచ్చి బ్లౌజు కొలతలు ఇచ్చిపోతారు. ఒకచోట ఆమె, రేడియోలో చెప్పింది అబద్ధమని తెలిసినప్పుడు ఏమనిపించిందని అడుగుతుంది. "ఆగు బిడ్డా, ఈ కాలర్ తిప్పుకోని చెప్త" అంటాడు. తొమ్మిది సెకన్లు మిషన్ ఒక్కటే నడుస్తుంది.

ఆ తొమ్మిది సెకన్లు తీసేయమని మేనేజర్ అన్నాడట. ఆమె తీయలేదు.